కుట్ల టీచరు గారి తొట్టి మూత

తెనాలి మార్కెట్లో ఒక సాయంత్రం కూరలు కొని వస్తుంటే, బాపట్లలో ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్నావిడ ఎదురయ్యారు. పిల్లల చదువులు, కీళ్ళ నొప్పులు అన్నీ మాట్లాడుకున్నాక గొంతు తగ్గించి, "మన కుట్ల టీచరు గారు పోయారు, తెలుసా అండీ? పోయిన నెల్లో. చర్చి లోపల చోటు చాలక జనం బయటే నిలబడ్డారు," అన్నారు.

నాకు తెలియదు. టీచరు గారి ముఖం కంటే ముందు నాకు ఆవిడ చేతులు గుర్తొచ్చాయి. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి చూసే చేతులు.

బాపట్లలో ఆడపిల్లల బడిలో ఆవిడ కుట్లు, అల్లికలు నేర్పేవారు. పిల్లలు కుట్టి తెచ్చిన జేబు రుమాలు మీద పువ్వు ఎంత ముద్దుగా ఉన్నా చూసేవారు కాదట. గుడ్డ తిప్పి, వెనక దారాలు ఎలా నడిచాయో చూసి మార్కులు వేసేవారట. మేము ఎనభైల మధ్యలో ఆవిడ ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగేసరికి ఉద్యోగం విరమించారు గానీ ఆ అలవాటు విరమించలేదు. వంకాయలు తిప్పి చూసేవారు. నేను వేసిన దోసె అంచు ఎత్తి కింద చూసేవారు. మా ఆయన ఏదో పెళ్ళి శుభలేఖ ఇస్తే ముందు దాని వెనక అచ్చు వేసిన ప్రెస్సు పేరు చదివారు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరూ చేసినట్టు లేదు. మనిషి పొట్టి. మాట్లాడాల్సిన విషయం ముఖ్యమైనదైతే ముందు కొంగు నడుముకి దోపుకునేవారు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఓపిగ్గా, మధ్యలో అడ్డం రాకుండా వినేవారు. విన్నాక, "సరేనండి. ఇప్పుడు అసలు సంగతి చెప్పండి," అనేవారు. పాలవాడి దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా ఆ మాట పడనివాళ్ళు మా వీధిలో లేరు.

మా వీధి బావుల్లో నీళ్ళు ఉప్పన. మునిసిపాలిటీ కుళాయి పొద్దున కాసేపు వచ్చి ఆగిపోయేది. ఆ నీళ్ళు నిలవ చేసుకోవడానికి టీచరు గారు పెరట్లో నేలలోకి ఒక తొట్టి కట్టించారు. దాని మీద, నేలకు సమానంగా, తలుపు రెక్కంత ఇనప రేకు మూత. సముద్రం దగ్గరి ఊరు కదా, గాలిలోనే ఉప్పు. కిటికీ ఊచలు, సైకిలు చైన్లు, పెట్టె తాళాలు, దేన్నీ వదిలేది కాదు తుప్పు. అందుకని ఆవిడ ఏటా వేసవిలో తనే కూర్చుని మూత గీకి, ఆకుపచ్చ రంగు వేసేవారు. ఆ మూత ఎప్పుడు చూసినా నిన్న తెచ్చినట్టుండేది.

మా పాపకి అప్పుడు మూడో ఏడు. ఒక పొద్దున నేను దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. పాప బంతి వెంట పరుగెత్తుతూ మూత మీద కాలు వేసింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. తడిసిన అట్ట చిరిగినట్టు రేకు ఒక పక్క చిరిగి లోపలికి వంగింది. చూస్తుండగానే పిల్ల కనపడలేదు.

నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. టీచరు గారు అరుగు దిగి రావడం గుర్తుంది. మూతలో సగం విరిగి వేలాడుతోంది, సగం అలాగే ఉంది. ఆ సందులోంచి, చీరతోనే, చెప్పులతోనే తొట్టిలోకి దూకేశారు. అరవై దగ్గర పడ్డ మనిషి. నీళ్ళు ఆవిడ గుండెల దాకా వచ్చాయి. వంగి మునిగారు. లేచేసరికి చేతుల్లో పాప ఉంది. నేను నేల మీద బోర్లా పడుకుని అందుకున్నాను. పాప దగ్గింది, నీళ్ళు కక్కింది, గుక్క పట్టి ఏడ్చింది.

మా ఆయన, పక్కింటావిడ పరుగున వచ్చారు. "టీచరు గారూ, చెయ్యివ్వండి," అంటూ మా ఆయన వంగారు. ఆవిడ చెయ్యి ఇవ్వలేదు. తలెత్తి, విరగకుండా మిగిలిన సగం రేకుని కింద నుంచి చూస్తున్నారు.

"ఒక్క నిమిషం ఆగు బాబూ."

గోటితో గీరారు. గోధుమరంగు పొరలు పొరలుగా ఊడి ఆవిడ జుట్టు మీద, నీళ్ళలో రాలాయి. వేలితో గట్టిగా పొడిచారు. మేమంతా చూస్తుండగా, నిగనిగలాడే ఆకుపచ్చ రంగు చీల్చుకుని ఆవిడ వేలు పైకొచ్చింది.

పైకి లాగాక, నీళ్ళు కారుతూ నిలబడి నాతో అన్నారు: "ముప్ఫయ్యేళ్ళు ప్రతి పిల్ల కుట్టూ తిప్పి చూశానమ్మా. నా తొట్టి మూత ఒక్కసారైనా తిప్పి చూడలేదు."

ఏడవలేదు. మళ్ళీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు కూడా. పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి రిక్షా పిలిపించారు. మేము తిరిగి వచ్చేసరికి చీర మార్చుకుని, తొట్టి మీద దూలం చెక్కలు పరిపించి, వాటి మీద బండరాళ్ళు పెట్టించి, చుట్టూ ముళ్ళకంప వేయించి ఉన్నారు.

పాపకి ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి పెరట్లో కాలు పెట్టేది కాదు. వీధిలో మురుగుకాలవ మీద పలక కనిపించినా నా చీర పట్టుకుని ఆగిపోయేది. ఎత్తుకుని దాటించాల్సి వచ్చేది.

మా ఆయన ఇల్లు మారిపోదామన్నారు. టీచరు గారి ముందుకెళ్ళి నిలబడి ఆ మాటే చెప్పారు. టీచరు గారు కొంగు దోపుకున్నారు.

"వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి బాబూ, నేనేమీ అనుకోను. ఎక్కడికెళ్ళినా ముందు తొట్టి మూత ఎత్తి కింద వైపు చూడండి. అది బాగుంటేనే దిగండి."

మా ఆయన వారం పది రోజులు ఇళ్ళు చూశారు. వెళ్ళిన ప్రతిచోటా మూత ఎత్తి చూశారు. పైన ఎర్ర రంగు, నీలం రంగు, వెండి రంగు. కింద ప్రతిచోటా అదే గోధుమరంగు పొర. ఒక ఇంటివాళ్ళయితే, "అద్దెకొచ్చారా, తనిఖీకొచ్చారా?" అని అడిగారట. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, "ఇక్కడే ఉందాం. ఆవిడకి కనీసం తెలుసు," అన్నారు.

ఆవిడకి తెలియడమే కాదు, ఇక వేరే ధ్యాస లేకుండా పోయింది. తుప్పు పట్టని మూత కావాలి. అది దొరికేదాకా ఊరుకునేది లేదు.

ముందు రేపల్లె నుంచి ఆవిడ తమ్ముడు వచ్చారు. అక్కడ రైసుమిల్లులో మేనేజరు. "సిమెంటు పలక వేసెయ్యక్కా, తుప్పూ లేదు, గొడవా లేదు," అన్నారు. ఆవిడ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని వీధి వైపు తీసుకెళ్ళి, కిటికీ పైన సిమెంటు చూరు చూపించారు. లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, సిమెంటు పగిలి పెచ్చులు ఊడుతోంది. "తుప్పు లేదన్నావు. లోపల దాక్కుంది, అంతే," అన్నారు.

ఆయన పట్టు వదలకుండా పోత ఇనుము మూత ఒకటి చేయించి బండి మీద పంపించారు. దిట్టంగా ఉంది. తుప్పు పట్టినా తినెయ్యడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. టీచరు గారు రెండు చేతులా పట్టుకుని ఎత్తబోయారు. కదల్లేదు. నేనూ ఒక చెయ్యి వేశాను. అంగుళం లేచింది.

"నేనొక్కదాన్నీ ఎత్తలేని మూత నాకొద్దమ్మా. ఎత్తలేకపోతే ఎత్తను. ఎత్తకపోతే కింద చూడను. మళ్ళీ మొదటికే వస్తాం." మూత వచ్చిన బండి మీదే రేపల్లె తిరిగి వెళ్ళింది. తమ్ముడు కొన్నాళ్ళు అలిగారు.

తర్వాత ఊళ్ళోనే అల్యూమినియం రేకుతో చేయించారు. తేలిక, తెల్లగా ముద్దుగా ఉంది. అందరం ఇక పీడ వదిలిందనుకున్నాం. ఆవిడ వారం వారం ఎత్తి కింద చూస్తూనే ఉన్నారు. వానాకాలం దాటి చలి మొదలయ్యాక ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చిన చీర కూడా మార్చకుండా నన్ను పిలిచారు. రేకు అంతా బాగానే ఉంది. బందులు బిగించిన ఇనప బోల్టుల చుట్టూ మాత్రం తెల్లటి పొడి. వేలితో తుడిస్తే ఆ పొడి కింద రేకు లేదు, గుంట ఉంది.

మా ఆయన కాలేజీలో గుమాస్తా. అక్కడి కెమిస్ట్రీ లెక్చరరు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన వంగి చూసి, "రెండు వేరు వేరు లోహాలు తడిలో ఆనుకుని ఉంటే అంతేనండి. అదొక చిన్న బ్యాటరీ అనుకోండి. ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. మీ గాలిలో ఉప్పు వల్ల ఇంకా తొందరగా తింటుంది," అన్నారు.

"మరి కింద వైపే ఎందుకండీ ముందు పోతోంది?" అని టీచరు గారు అడిగారు.

"పైన వాన పడినా ఎండకి ఆరిపోతుంది. కింద ఎప్పుడూ చెమటే. పైగా కుళాయి నీళ్ళలో కలిపే బ్లీచింగ్ మందు ఆవిరి అక్కడే పట్టుకుంటుంది."

ఆవిడ అంతా విన్నారు. "సరేనండి. ఇప్పుడు అసలు సంగతి చెప్పండి. ఏ లోహం అయితే నిలబడుతుంది?"

లెక్చరరు గారు నవ్వేశారు. "పుస్తకంలో ఉన్నది చెప్పగలనండి. మీ తొట్టి మీద ఏది నిలబడుతుందో మీ తొట్టే చెప్పాలి."

ఆ మాట ఆవిడకి నచ్చింది. మర్నాడే కుమ్మరి దగ్గర్నుంచి వెడల్పాటి కుండ తెప్పించి, తొట్టి నీళ్ళు పోసి, కాస్త బ్లీచింగ్ పొడి కలిపారు. ఊరంతా తిరిగి రకరకాల లోహం ముక్కలు పోగేశారు. ఎంబ్రాయిడరీ దారంతో వాటిని వరసగా కట్టి, నీళ్ళకు తగలకుండా ఆవిరి మాత్రం తగిలేలా కుండలోపల వేలాడదీశారు. ప్రతి దారం ఒక రంగు, ఏది ఏదో తెలియడానికి. కుండ మీద పళ్ళెం మూసి పెరట్లో నీడన పెట్టారు. ఇనప ముక్క ముందే గోధుమరంగుకి తిరిగింది. జింకు పూత రేకు కొన్నాళ్ళు బింకంగా ఉండి, కత్తిరించిన అంచు దగ్గర్నుంచి మొదలైంది. రాగి పచ్చబారింది. "చూడ్డానికి బాగుంది గానీ, ఆ పచ్చ చుక్క మన మంచినీళ్ళలో పడితే?" అని దాన్ని తీసేశారు. ఇత్తడిదీ అదే దారి. స్టీలు ముక్కలు రెండు వేలాడదీశారు. ఒకదాని మీద నువ్వు గింజల్లా మచ్చలు లేచాయి. రెండోది, అయస్కాంతం అతుక్కోనిది, తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ మెరిసింది.

వీధిలో వాళ్ళు చాటున "మూతమ్మ గారు" అనడం మొదలుపెట్టారు. ఆవిడ చెవిన పడింది కూడా. "అననీ అమ్మా. వాళ్ళ మూతలు కూడా చూసొస్తాను," అన్నారు. అన్నట్టుగానే చేతి అద్దం ఒకటి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మూత కాస్త ఎత్తి, అద్దం కింద పెట్టి, ఆ ఇంటి ఇల్లాలికే చూపించేవారు. విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. చూడగానే పిల్లల్ని లోపలికి పిలుచుకున్నవాళ్ళే ఎక్కువ.

ఆ రెండో స్టీలు ముక్కని రుమాల్లో చుట్టుకుని తెనాలి బయల్దేరారు. తోడుగా నేనూ వెళ్ళాను. పాసింజరు రైల్లో నిలబడే ప్రయాణం చేశాం. స్టీలు సామాన్ల కొట్టాయన రేకు ఒకటి చూపించి, "స్టీలంటే స్టీలేనమ్మా, ఇంకేం చూస్తారు?" అన్నాడు. టీచరు గారు సంచీలోంచి అయస్కాంతం తీసి ఆనించారు. గట్టిగా అతుక్కుంది.

"సరేనండి. ఇప్పుడు అసలు సంగతి చెప్పండి."

అతను కాస్త ఇబ్బందిపడి, తర్వాత నవ్వాడు. "ఇది గరిటెలకీ పళ్ళేలకీ పనికొస్తుందమ్మా. మీరడిగే రకం, అంత మందం, మా దగ్గరుండదు. నందివెలుగు రోడ్డులో పాల ట్యాంకులు చేసే షెడ్డు ఉంది, అక్కడ అడగండి."

ఆ షెడ్డు యజమాని పెద్దాయన. గిన్నెలో చింతపులుపు ఉన్నా, ట్యాంకులో పాలు విరిగినా చెక్కుచెదరని స్టీలు తన దగ్గర ఉందన్నాడు. అయస్కాంతం జారిపోయింది. రుమాల్లోని ముక్కతో పోల్చి చూసుకున్నారు. అయినా ఆవిడ కదల్లేదు. "ఇది సముద్రం గాలికి ఆగుతుందా?"

"మచ్చలు రావని నేను ఒట్టెయ్యనండి. ఉప్పు గాలికి అప్పుడప్పుడూ టీ మరకల్లాంటివి వస్తాయి. మంచినీళ్ళతో కడుగుతూ ఉంటే పోతాయి. చిల్లు మాత్రం పడదు."

ఆవిడ ముఖం విచ్చుకుంది. "మచ్చలొస్తాయని చెప్పిన మొదటివాడివి నువ్వే బాబూ. నీ దగ్గరే చేయిస్తాను."

డబ్బా మూతలాగా అంచులు కిందికి మడిచి ఉండాలన్నారు. పక్క నుంచి ఒక్క చుక్క లోపలికి పోకూడదన్నారు. ఈలోగా తొట్టి చుట్టూ మోకాలెత్తు గోడ లేపించారు, మూత దాని మీద కూర్చునేలా, ఏ పిల్లా పరుగులో మూత మీదికి ఎక్కకుండా.

కొన్నాళ్ళకి మూత తయారై వచ్చింది. అద్దంలా ఉంది. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. టీచరు గారు దాన్ని బోర్లించి, బందుల దగ్గర అయస్కాంతం పెట్టారు. అతుక్కుంది.

"బందులు ఇనపవి వేశాడు."

తెచ్చిన పనివాడు, "చిన్న బందులేగా అమ్మా," అన్నాడు.

"అల్యూమినియం మూత పోయింది చిన్న బోల్టుల దగ్గరే. తీసుకెళ్ళండి."

అందరూ ఉసూరుమన్నారు. ఇంత మంచి మూతని తిప్పి పంపుతారా అని నేను కూడా అన్నాను. ఆవిడ నా వైపు చూసి, మెల్లగా, "పాప పడ్డ చోటండి ఇది," అన్నారు. నన్ను అండి అనడం అదే మొదలు, అదే చివర.

బందులు, బోల్టులు, తాళం కొక్కెం, అన్నీ అదే స్టీలుతో మార్పించుకుని మళ్ళీ వచ్చింది. బిగించడం అయ్యాక ఆవిడ కుర్చీ వేయించుకుని గోడెక్కి మూత మీద నిలబడ్డారు. మేం వద్దు వద్దంటుండగానే ఎగిరారు. ఒకసారి కాదు. కొంగు దోపుకుని, చిన్నపిల్లలా, ఎగురుతూనే ఉన్నారు. మూత చలించలేదు. పక్కింటావిడ నవ్వలేక దండెం గుంజ పట్టుకున్నారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

దిగి, పాప వైపు చెయ్యి చాచారు. "రా అమ్మా, ఎక్కు."

పాప నా వెనక దాక్కుంది. టీచరు గారు బలవంతం చెయ్యలేదు. "సరే. దాని ఇష్టం," అన్నారు. వారం వారం మూత ఎత్తడం, కింద తుడవడం, పైన మంచినీళ్ళతో కడగడం మానలేదు. ఆ పని చేసేటప్పుడు పాపని పిలిచేవారు. పాప గుమ్మంలోంచి చూసేది, అంతే. బళ్ళో చేరింది, పై క్లాసులకి వెళ్ళింది, పెరడు మాత్రం ప్రహరీ గోడ వారగానే దాటేది.

తొంభైల మొదట్లో ఒక వేసవి చివర పెద్ద తుఫాను వచ్చింది. ఒక పగలూ ఒక రాత్రీ ఇంట్లోంచి బయటికి చూడలేదు. గాలి తగ్గాక తలుపు తీస్తే పెరడంతా బురదనీళ్ళు. కరెంటు లేదు, కుళాయి లేదు. వీధిలో తొట్లన్నిట్లోకీ వరదనీళ్ళు దూరాయి. చెత్త, చచ్చిన కోళ్ళు తేలుతున్నాయి. తాగడానికి చుక్క లేక పక్కింటావిడ బిందె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

టీచరు గారు పిక్కల్లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, తాళం తీసి, ఒక్కరే మూత ఎత్తారు. చేద వేసి తోడి, ముందు తను తాగారు. కాసేపు ఆగారు. "తియ్యగానే ఉన్నాయి. అందర్నీ పిలవండి," అన్నారు.

వీధంతా వచ్చింది. కులమూ మతమూ చూడలేదు, మూతమ్మ అన్నవాళ్ళెవరో అడగలేదు. పసిపిల్లల తల్లులకి ముందు, తర్వాత ముసలివాళ్ళకి. మా ఆయన చేదతో తోడుతుంటే ఆవిడ గోడ పక్కనే నిలబడి బిందెలు, గిన్నెలు నింపించారు. తర్వాతి రోజుల్లో మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చేదాకా అలాగే సాగింది. ఆ వేసవిలో మా పక్క వీధుల్లో వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డవాళ్ళు చాలామంది. మా వీధిలో ఎవరికీ రాలేదు.

ట్యాంకరు వచ్చిన రోజు తొట్టి అడుగుకి వచ్చింది. ఆవిడ మూత దించి, తుడిచి, అరుగు మీదికి వచ్చి నాతో మాట్లాడుతున్నారు. పెరట్లో నీళ్ళు తీశాయి గానీ కాలు పెడితే బురద. ఎండ వచ్చింది. పాప ఉప్మా పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. కూర్చోడానికి చోటు కోసం అటూ ఇటూ చూసింది. బురదలో నడుచుకుంటూ వెళ్ళి, తొట్టి గోడ ఎక్కి, మెరుస్తున్న మూత మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది.

నేను నోరు తెరిచాను. టీచరు గారు చప్పున నా మణికట్టు పట్టుకున్నారు.

"పలకరించకమ్మా," అన్నారు, గుసగుసగా. "తిననీ."